ఒక చుక్క, కొన్ని కుళాయిలు

ఈ మధ్య హోటళ్లలో చేతులు కడుక్కోవడానికి కాస్త చదువు అవసరమవుతోంది. కొన్ని కుళాయిలను ఎత్తాలి, కొన్నింటిని తిప్పాలి, కొన్నింటి ముందు చెయ్యి చాపి నిలబడాలి. మొన్న బొబ్బిలిలో ఒకదాన్ని మూడు రకాలుగా బతిమాలి, చివరికి సాంబారు చేతిని రుమాలుకే తుడుచుకున్నాను. కుళాయి ముందు పరువు పోవడం నాకు కొత్త కాదు.

డిగ్రీ అయ్యాక, లోకాన్ని బాగుచేసేవాళ్లకు జీతం కూడా ఇస్తారని తెలిసి నేను ఆశ్చర్యపోయిన రోజులవి. గజపతినగరం దగ్గర ఒక ఊళ్లో విదేశీ సాయంతో మంచినీళ్ల పథకం. నేను ఫీల్డు ఆర్గనైజర్ని. (ఆ ఫీల్డులో నేను రాకముందే అన్నీ ఆర్గనైజ్ అయిపోయాయి.) వీధి కుళాయిలు బిగించేశారు. నీళ్లు వృథా కాకుండా, నొక్కి పట్టుకున్నంతసేపే వచ్చే రకం. మిగిలిందల్లా ప్రజల భాగస్వామ్యం. పథకం పదికాలాలు నిలవడానికి ఊళ్లో సుస్థిరత కమిటీ వెయ్యాలి. పరిశీలనకు విదేశం నుంచి మేడమ్ వచ్చేనాటికి అది లేకపోతే నా ఉద్యోగం నిలవదని మా పెద్దసారు నెమ్మదిగానే చెప్పారు. కమిటీలో ఎవరుండాలో ఆయనే రాసిచ్చారు: సర్పంచి, ఆయన బావ, ఇద్దరు పెద్ద రైతులు.

చాటింపు వేసే మావకు కాగితం ఇచ్చాను. ముక్క చిన్నది. ఆఫీసు అలవాటు కొద్దీ 'సుస్థి. కమిటీ వారు రేపు రావలెను' అని కుదించాను. మావ ఆ చుక్కను లెక్కచెయ్యలేదు. "సుస్తీ కమిటీ అట! సుస్తీగా ఉన్నోలందరూ రేపు రావాలట!" అని వీధి వీధినా డప్పు కొట్టాడు.

మర్నాడు రామమందిరం అరుగు నిండిపోయింది. మోకాళ్ల నొప్పులు, దగ్గులు, పాత మందుచీటీలు. సర్పంచీ ఆయన బావా ఆరోగ్యవంతులు కనుక రాలేదు. మేడమ్ కారు మాత్రం పెద్దసారుతో సహా వచ్చేసింది.

"డాకటరేడి బాబూ?" అంది ఎడమచెయ్యి పడిపోయిన ఒకావిడ. చింతపండు అమ్ముతుంది కనుక ఊరంతా చింతపండు అత్త అనేవారు.

"డాక్టరు లేడత్తా. కుళాయి గురించి మాట్లాడుకుందాం."

"కొళాయికేటైనాది? దానికీ సుస్తీయేనేటి?"

అరుగంతా నవ్వింది. ఏమంటున్నారని మేడమ్ అడిగితే, పథకం మీద ఆసక్తి చూపుతున్నారని ఇంగ్లీషులో చెప్పాను. (అబద్ధం కాదు.) అత్త బిందె తీసుకుని కుళాయి దగ్గరకు నడిచింది. మంచి చేత్తో నొక్కింది. కింద ఆనడానికి ఏమీ లేక బిందె జారి దొర్లిపోయింది.

"సూడమ్మా. ఇది నొక్కితే బిందె అట్టుకోనేను, బిందె అట్టుకుంటే ఇది నొక్కనేను. రెండు సేతులున్నోలకేనేటి నీల్లు?"

దీనికి అనువాదం అక్కర్లేకపోయింది. బిగించేముందు ఈమెను అడిగారా అని మేడమ్ నన్నడిగారు. నేను పెద్దసారును చూశాను. ఆయన బిందెను చూశారు.

రెండు నెలల్లో తిప్పే కుళాయిలు వచ్చాయి, బిందె ఆనుకునేలా దిమ్మలు వచ్చాయి, కమిటీలోకి ఆ అరుగు మీది వాళ్లే వచ్చారు. నా ఉద్యోగం నిలిచింది. బలహీనులను ముందు పిలవడం మా ప్రత్యేక పద్ధతి అని పెద్దసారు చాలా సభల్లో చెప్పారు. నేను వినయంగా తల దించుకునేవాణ్ణి. చుక్క సంగతి ఎవరికీ చెప్పలేదు.

పోయిన నెల అటు వెళ్లాను. కుళాయిలు పనిచేస్తున్నాయి. వాషర్లు పోతే ఇప్పటికీ సుస్తీ కమిటీయే వేయిస్తుందట. దిమ్మ పక్కన కూర్చున్న చింతపండు అత్తను చూస్తే, పాతికేళ్లు కూడా నిండని అప్పటి ఆర్గనైజరు నాకే కాస్త ముద్దొచ్చి, ఇన్నేళ్లు దాచిన చుక్క సంగతి నవ్వుతూ చెప్పేశాను.

ఆవిడ నవ్వలేదు.

"అయితే ఆ రోజు నువ్వు సరిగ్గా రాసుంటే, మమ్మల్ని పిలిసీవోడివి కాదన్నమాట."