చిన్నాన్న మిలిటరీ చెక్క

మొన్న చోడవరంలో మా వంటింటి అలమరాలకి వడ్రంగి ప్లైవుడ్ కోస్తుంటే, ఆ పొట్టు వాసనకి చిన్నాన్న చెక్క గుర్తొచ్చింది.

మిలిటరీ నుంచి వచ్చేస్తూ ఆయన తెచ్చుకున్న పాత ప్లైవుడ్ చెక్క అది. భుజాలకి తగిలించుకోవడానికి పట్టీలు, అంచుల్లో తాళ్ళు దూర్చడానికి కంతలు ఉండేవి. బండి దిగబడే బురదలో కూడా దాని మీద బెల్లం దిమ్మలు కట్టుకుని వీపున మోసుకుపోయేవాడు.

నాకు ఆరేళ్ళప్పుడు వానల్లో నాయనమ్మకి జ్వరం ముదిరింది. గెడ్డ పొంగి ఆటో అవతలి గట్టునే ఆగిపోయింది. చిన్నాన్న చెక్క అడుగున పీట బిగించి, ఆవిణ్ణి కూర్చోబెట్టి కట్టాడు. ఆయన మొహం రోడ్డు వైపు, ఆవిడ మొహం ఇంటి వైపు. నాకు ఏడుపొచ్చేసింది.

"సిన్నాన్నా, తిరగేసి కట్టేసేవు! నాయనమ్మ ఆస్పత్రికి ఎలాగెల్తాది? ఇంటికొచ్చేత్తాది!"

"వచ్చేత్తాదిలేవే," అంటూ ఆయన లేచి నిలబడ్డాడు.

గెడ్డ దాకా వెనకాలే నడిచాను. నాయనమ్మ నన్నే చూస్తూ, మూలుగుతూనే పనులు పురమాయించింది. "ఒసే గుంటా, పెయ్యకి కుడితెట్టు. పిడకలు తడిసిపోతాయి, లోపలెట్టు." నీళ్ళు చిన్నాన్న నడుం దాకా వచ్చినా ఆ మాటలు ఆగలేదు.

నెల తిరక్కుండానే ఆవిడ నడిచి వచ్చి, ముందు పిడకలు చూసుకుంది.

వీపుకి వీపు ఆన్చి కడితేనే మనిషిని అలా మోయగలరని పెద్దయ్యాక తెలిసింది. అయినా ఇప్పటికీ మా ఇంట్లో ఎవరు ఆస్పత్రికి బయల్దేరినా, ఆటోలో వెనక్కి తిరిగుండే సీటు చూపించి, ఇంటి వైపు మొహం పెట్టి కూర్చోమంటాను.