మిషనక్క బొటనవేలు

మిషనక్కకి అసలు పేరు లేకపోలేదు. ఉంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆవిడే పలకదు. ముప్ఫై ఏళ్ళుగా వీధి వైపు గదిలో, కిటికీ పక్కన, కుట్టు మిషను ముందు కూర్చున్న మనిషిని మరేమని పిలుస్తారు? ఆవిడ కన్నా పెద్దవాళ్ళు కూడా మిషనక్కా అనే అంటారు. కట్టుకున్న మొగుడే ఒకసారి నోరు జారి అలా పిలిచి, రెండు రోజులు చీవాట్లు తిన్నాడు.

ఈ రోజుల్లో కుట్టుపని చేసేవాళ్ళంతా మిషనుకి మోటారు బిగించుకున్నారు. మిషనక్క మాత్రం ససేమిరా అంది. "మోటారుకి గుడ్డ బాధ ఏం తెలుస్తుందీ? పట్టయినా గోనెసంచయినా దానికి ఒకటే పరుగు" అంటుంది. ఆవిడ పనితనమంతా చేతుల్లో ఉందని అందరూ అనుకుంటారు. ఉత్తిదే. అసలు గుట్టంతా కుడికాలి బొటనవేల్లో ఉంది. పదేళ్ళప్పుడు పిన్ని దగ్గర కుట్టు నేర్చుకుంటుంటే కాళ్ళు అందేవి కావు, ఆ వేలి కొస ఒక్కటే కింద తొక్కుడు పలకకి తగిలేది. ఆ కొసతోనే తొక్కడం నేర్చింది. ఇప్పటికీ మొదటి తొక్కు ఆ వేలిదే. మలుపు దగ్గర మిషనుని నెమ్మదింపజేసేదీ, కాలరు మొనకి సరిగ్గా ఒక్క కుట్టు ముందు ఆపేదీ ఆ వేలే.

పోయి పోయి ఆ వేలి మీదే ఇస్త్రీ పెట్టె పడింది.

తప్పు ఎవరిదని వెతకక్కర్లేదు, ఆవిడదే. పాతకాలం నాటి ఇనప పెట్టె అది, ఎత్తితే భుజం పీకుతుంది. చల్లారింది కదా అని బల్ల అంచున పెట్టింది. కింద పడ్డ దారపుండ కోసం వంగింది. మెడలో వేలాడే కొలతల టేపు పోయి పెట్టె పిడికి చుట్టుకుంది. ఆవిడ లేచింది, ఆవిడతో పాటు పెట్టే లేచింది, తర్వాత పెట్టె ఒక్కటే కిందకి వచ్చింది. పట్టపగలు చుక్కలు కనిపించడమంటే ఏమిటో మిషనక్కకి ఆ క్షణాన తెలిసొచ్చింది.

కేక విని మొగుడు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. లైబ్రరీలో గుమాస్తా ఆయన. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, చేతిలో ముద్ద చేతిలోనే ఉండగా వచ్చి నిలబడ్డాడు.

"అయ్యయ్యో, వేలు వాచిపోతోందే! పద, ఆసుపత్రికి పోదాం."

ఆసుపత్రి మాట వినగానే మిషనక్క ఒంటికాలి మీద లేచింది. ఈసారి నిజంగానే ఒంటికాలి మీద.

"వేలికి కూడా ఆసుపత్రేమిటండీ? నలుగురూ నవ్విపోతారు. ఎదురింటి పంతులమ్మ గడప తన్నుకుని వేలు విరగ్గొట్టుకుంటే ఏ ఆసుపత్రికెళ్ళింది? పక్క వేలికి కలిపి గుడ్డ చుట్టుకుంది, నెల తిరక్కుండా బడికెళ్ళింది."

"ఆవిడది చిటికెన వేలే."

"వేలు వేలే కదా!"

పైకి ఇలా అంది గానీ, లోపలి భయం వేరు. ఆడపడుచుకి చీలమండ విరిగినప్పుడు మోకాలి దాకా సిమెంటు కట్టు వేశారు. రెండు నెలల తర్వాత కట్టు విప్పితే కాలు పుల్లలా తేలింది, ఆవిడ ఏడాది పాటు కుంటింది. మిషనక్క అది కళ్ళారా చూసింది. తన కాలు అలా అయిపోతే ఇక తొక్కేదెలా? ఆ వేలు మొద్దుబారిపోతే తను మిషనక్క ఎలా అవుతుంది? ఆ మాట మొగుడితో అనడానికి నోరు రాలేదు.

మొగుడు చెవినిల్లు కట్టుకుని పోరితే, చివరికి ఆసుపత్రికి ఫోను చేసి అడగడానికి మాత్రం ఒప్పుకుంది. బయట వీధిలో ఎవరో గోడకి డ్రిల్లింగ్ పెట్టారు, చెవులు చిల్లులు పడుతున్నాయి. ఫోను చెవికి గట్టిగా అదుముకుని అరిచింది.

"అమ్మాయ్, బొటనవేలి మీద ఇస్త్రీ పెట్టె పడిందమ్మా!"

అవతల నర్సు ఏదో అడిగింది.

"ఆఁ, కాలిదే! కాలిదే!" అంది మిషనక్క.

"అయ్యో. ఒక పావుగంట చన్నీళ్ళలో ఉంచండి. పొక్కితే చిదమకండి. రాతపని పెట్టుకోకండి."

"నేను రాసేదేముందిలే. మిషను తొక్కొచ్చా?"

"తొక్కడానికేం? తొక్కేది కాళ్ళతోనే కదా! హాయిగా తొక్కండి. వాపు తగ్గకపోతే మాత్రం రేపొచ్చి చూపించండి."

చివరి మాట మిషనక్క చెవిన పడనే లేదు. తొక్కండి అన్న మాటతోనే ప్రాణం లేచొచ్చింది. ఫోను పెట్టేసి మొగుడి వైపు గర్వంగా చూసింది. "విన్నారా? హాయిగా తొక్కమంది. చదువుకున్న పిల్ల, మీలా కంగారుపడలేదు."

కాలు బకెట్లో పెట్టి పావుగంట కూర్చుంది. తర్వాత కాలరు లోపల వేసే బిరుసు కాన్వాసు కత్తిరించి, బొటనవేలినీ పక్క వేలినీ కలిపి బిగించి కట్టింది. సాయంత్రానికల్లా మిషను ముందు కూర్చుంది. బడి పిల్లల చొక్కాలు ఇరవై దాకా ఉన్నాయి మరి. తొక్కిన ప్రతిసారీ ప్రాణం గిలగిల్లాడింది. నర్సు చెప్పింది కదా అని పళ్ళు బిగబట్టుకుంది.

నాలుగో రోజుకి వేలు నల్లవంకాయ రంగు తేలింది. నొప్పయితే తగ్గింది. అమ్మయ్య అనుకుంది పిచ్చి మారాజురాలు. నొప్పితో పాటు స్పర్శ కూడా పోయిందని ఒక కాలరు దగ్గర గాని తెలియలేదు. మొన దగ్గర ఆపబోతే మిషను ఆగలేదు. ఒక కుట్టు కాదు, మూడు కుట్లు దాటి గుడ్డ బయటికి పోయింది. ముప్ఫై ఏళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు. కాలరు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

లైబ్రరీ నుంచి వచ్చిన మొగుడు ఆ వాలకం చూశాడు. పక్కనే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. బల్ల మీద ఒక కోటు ఉంది. పక్కా కుట్టు పడేలోగా గుడ్డ కదలకుండా చేత్తో పొడుగు పొడుగు టాకాలు వేస్తారే, ఆ కచ్చా కుట్టుతో ఉందది.

"ఏమే, ఈ కోటు ఇలాగే ఇచ్చేద్దామా?"

"మతిపోయిందా? కచ్చా కుట్టుతో ఎవరైనా ఇస్తారా? రెండుసార్లు తొడిగితే విడిపోతుంది."

ఆయన ఆవిడ వేలికున్న కాన్వాసు కట్టు చూపించాడు. "మరి ఇదేమిటి?"

మిషనక్క చేతిలో కాలరు పక్కన పెట్టింది. "ఆటో పిలవండి" అంది చిన్న గొంతుతో.

ఆసుపత్రిలో గది బయట బల్ల దగ్గర కూర్చున్న నర్సు గొంతు వినగానే గుర్తుపట్టింది.

"నువ్వేనా అమ్మాయ్! నువ్వు చెప్పినట్టే చేశాను. బొటనవేలు. నాలుగు రోజుల నుంచీ తొక్కుతూనే ఉన్నాను."

"ఇస్త్రీ పెట్టె అక్కగారా మీరు? ఏదీ, చెయ్యి చూపించండి."

"చెయ్యేమిటే? కాలు!"

నర్సు లేచి నిలబడింది. బల్ల మీంచి వంగి కిందకి చూసింది. ఆ నల్లటి వేలు చూసి ముఖం పాలిపోయింది.

"కాలు వేలా? మీరు... చేతి వేలు కాలిందనుకున్నానండీ! కాలిందా అని అడిగాను కూడా!"

"నువ్వు కాలిదా అన్నావు! కాలిదే అని రెండుసార్లు చెప్పాను!"

"కాలిందే అన్నారనుకున్నాను!"

ఇద్దరూ నోళ్ళు వెళ్ళబెట్టి ఒకరినొకరు చూసుకున్నారు. ముందు నవ్వింది మొగుడు. ఆ వెనక వరసలో కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. నర్సు మాత్రం నవ్వలేదు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని తనే చక్రాల కుర్చీ తెచ్చి, ఎక్స్‌రే గదికి తనే తోసుకెళ్ళింది. దారి పొడుగునా మిషనక్కకి నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. గుడ్డ కత్తిరించే ముందు పొడుగు చేతులా, పొట్టి చేతులా అని రెండుసార్లు అడిగే మనిషి తను. సొంత కాలి దగ్గరికొచ్చేసరికి ఒక్కసారి కూడా అడగలేదు. తనకి కావలసిన మాట దొరకగానే ఫోను పెట్టేసింది.

డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్ము వెలుతురులో పెట్టి చూసింది. చూస్తూనే ఉంది. మిషనక్క పక్కనున్న మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. పెళ్ళయ్యాక పదిమందిలో ఆయన చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

"ఎముక చిట్లింది. కానీ ముక్క జరగలేదు, కీలుకి దెబ్బ లేదు" అంది డాక్టరమ్మ. "చిటికెన వేలయితే చాలాసార్లు ఇంట్లో కట్టుకున్నా సరిపోతుంది. బొటనవేలు అలా కాదమ్మా, నడిస్తే బరువు మోసేది అదే. ఇంకో వారం ఇలాగే తొక్కి ఉంటే ముక్క పక్కకి జరిగేది. అప్పుడిక వేలు వంగేది కాదు."

"స్పర్శ తెలియట్లేదండీ."

డాక్టరమ్మ కత్తెరతో కాన్వాసు కట్టు కత్తిరించింది. "ఇంత బిగిస్తే ఎలా తెలుస్తుంది? ఇది వేలా, కాలరా?" గోరు పక్కన మెల్లగా గీరింది. మొదట ఏమీ లేదు. కాసేపాగి మళ్ళీ గీరింది.

"అబ్బా!" అని గట్టిగా అరిచింది మిషనక్క.

"తెలిసిందా?"

"తెలిసింది తల్లీ, తెలిసింది!" అని భోరున ఏడ్చేసింది. ఆ నొప్పి అంత తియ్యగా ఉంటుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. సిమెంటు కట్టు ఎంత దాకా వేస్తారని అడగబోతే, డాక్టరమ్మ అసలు అదే అక్కర్లేదంది. అడుగు వంగని గట్టి చెప్పు ఒకటి ఇచ్చి, ఆరు వారాలు మిషను జోలికి పోవద్దని, కాలు దిండు మీద పెట్టుకుని మహారాణిలా కూర్చోమని చెప్పింది.

మహారాణిగా కూర్చోవడం అంత తేలికేం కాదు. కూర్చున్న చోటి నుంచే గుండీలు కుట్టింది, కాజాలు కుట్టింది, మొగుడి వంటకి వంకలు పెట్టింది. పిల్లల చొక్కాలు పంతులమ్మ తన మోటారు మిషను మీద కుట్టి పెట్టింది. అవి చూసి పెదవి విరవకుండా ఉండటానికి మిషనక్క చాలా కష్టపడింది.

ఆరు వారాల తర్వాత, ఇంకోసారి ఎక్స్‌రే తీసి డాక్టరమ్మ సరేనన్న మర్నాడు పొద్దున్న, మిషను ముందు కూర్చుంది. పలక మీద కాలు పెట్టడానికి ధైర్యం చాలక కాసేపు దారం ఎక్కిస్తూ, తీస్తూ గడిపింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. నర్సు.

"అక్కా, వేలెలా ఉంది? మీదే ధ్యాసగా ఉంది నాకు."

మిషనక్క ఫోను బల్ల మీద పెట్టింది. ఒక కాలరు సూది కింద పెట్టి, బొటనవేలితో మెల్లగా మొదటి తొక్కు తొక్కింది. మిషను కదిలింది. గడగడా పరిగెత్తింది, మలుపు దగ్గర నెమ్మదించింది, మొనకి సరిగ్గా ఒక్క కుట్టు ముందు ఆగింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని ఫోను తీసుకుంది.

"వినిపించిందా?"

"వినిపించింది అక్కా!" అని ఆ పిల్ల సంతోషంగా అరిచి, వెంటనే గొంతు తగ్గించి అడిగింది. "అది చేత్తో తిప్పారా, కాలితో తొక్కారా?"

"కాలే తల్లీ, కాలే! కుడికాలు, బొటనవేలు!" అంది మిషనక్క.