‘సరే సార్’ అంటే నమ్మని హవల్దారు

సరిహద్దులోని ఆర్మీ మంచు పోస్టుకు నేను చేరింది నవంబరులో, మధ్యాహ్నం రెండుకు. మైనస్ పద్దెనిమిది. ఎత్తు పదహారు వేల అడుగులు. వీపు మీద ఇరవై రెండు కిలోలు. బంకరులో కిట్టు దించి "అబ్బా, సచ్చినానప్పా" అన్నాను. రేడియో సెట్టు ముందున్న సిగ్నల్ హవల్దారు గిరుక్కున తిరిగాడు.

"యాడప్పా ఊరు?"

"బాగలూరు సార్, హోసూరు పక్క."

"నాది పోచంపల్లి, మన జిల్లాదే. ఈడ కూర్చో, టీ తాగు."

ఆ ఎత్తున మన తెలుగు వినేసరికి ఏడుపొచ్చినంత పనైంది.

పొట్టి అక్షరాల్లో, అంటే పూర్తి మాటలకు బదులు వాటి మొదటి అక్షరాలతో మాట్లాడడంలో, ఆయనను మించినవాడు లేడు. హెడ్‌క్వార్టర్స్‌తో అర నిమిషంలో పని ముగించేవాడు. నోరు తెరిస్తే పళ్లు జివ్వుమనే చలిలో నాలుగు అక్షరాలతో పనైపోవడం వరమే. ఆయన కింద సెట్టు పనికొచ్చిన నేనూ నెలలో నేర్చేసుకున్నాను. మహా గర్వంగా ఉండేది.

జనవరిలో ఒక ఉదయం, ఏడున్నరకు, మా పోస్టు వంటాయన గురగురమని ఊపిరి తీస్తూ కూలిపోయాడు. పొగమంచు మూసేసింది, హెలికాప్టర్ రాదు. రోడ్డు దాకా స్ట్రెచర్ మీద మోయాలి, నాలుగు గంటలు. మా ఆక్సిజన్ అంతవరకే వస్తుంది. కింద ఊరి ఆసుపత్రిలోనూ ఒక సెట్టు ఉంది; అక్కడి అంబులెన్సు డ్రైవరుతో మాట్లాడింది నేనే.

"హేప్ కేసు. ఎస్పీఓటూ యాభై రెండు. ఓటూతో రోడ్‌హెడ్‌కు, ఏఎస్ఏపీ."

"సరే సార్," అన్నాడతను.

హవల్దారు నా చేతిలోంచి సెట్టు లాక్కున్నాడు. "ఏం అర్థమైందో చెప్పు నాయనా," అని హిందీలో అడిగాడు. "రోడ్డు దగ్గరికి రావాలి సార్... అంతే తెలిసింది," అన్నాడతను. మిలిటరీవాళ్లను ఎదురడగడానికి భయపడి సరే అనేశాడు పాపం.

హవల్దారు ముఖానికున్న చలి మాస్కు కిందికి లాగాడు. "మనిషి ఊపిరితిత్తుల్లో నీళ్లు చేరాయి, రక్తంలో ఆక్సిజన్ సగానికి పడిపోయింది. ఆక్సిజన్ సిలిండర్ కావాలి. నిండుది. పన్నెండుకు, రోడ్డు మొదలయ్యే చోట వంతెన దగ్గర ఉండు. ఇప్పుడు నువ్వు చెప్పు." పగిలిన పెదవి నుంచి రక్తం కారుతోంది. తుడుచుకోలేదు.

"సిలిండర్ ఆసుపత్రిలోనే ఉంది సార్. వేసుకొని వస్తాను."

సిగ్గుతో నా చెవులు మండిపోయాయి. ఆయన తిట్టలేదు. "తెలిసినోడితో పొట్టిగా మాట్లాడు. తెలియనోడికి నిండుగా చెప్పల్లప్పా," అన్నాడు, అంతే. వంటాయన బతికాడు.

ఇప్పుడు పట్టాళం వదిలి హోసూరులో ఒక ఫ్యాక్టరీలో, సరుకు పంపే డిస్పాచ్‌లో ఉన్నాను. మొన్న మా సరుకుతో జూజువాడి చెక్‌పోస్టు దాటుతున్న లారీ డ్రైవరుకు మా మేనేజరమ్మ "పీఓడీ ఏఎస్ఏపీ" అని మెసేజ్ పెట్టింది. "సరే మేడమ్" అని జవాబొచ్చింది. ఆ ‘సరే’ నాకు తెలిసిందే. వెంటనే ఫోన్ చేశాను.

"అన్నా, సరుకు దించినాక వాళ్లు సంతకం పెట్టిన కాగితం ఫోటో తీసి పంపల్ల. ఏమి పంపల్లో నువ్వు చెప్పు."

"అదా! ముందే చెప్పకూడదా అన్నా," అని నవ్వాడు.

ఇలా ఎవరికైనా విడమరిచి చెప్పిన ప్రతిసారీ ఆయనే కనిపిస్తాడు. ఆ చలిలో, తొందర లేకుండా, ఒక్కో మాట నిండుగా పలుకుతూ. సెట్టు మీద ఆయన పెదవి రక్తం చుక్కలు.