ఆ బీడ్ వేసింది నేనే

మొన్న సెలూన్లో నా తలకి రంగు కలుపుతుంటే అమోనియా ఘాటు ముక్కుకి కొట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ వెంటనే నా మీద నాకే ఒళ్ళు మండింది. "ఇది ఆవిడ చేసింది కాదండీ" అని ఒకప్పుడు నేను అనవలసిన చోట అనలేదు. ఆవిడ శారద మేడం. రెండువేల దశకంలో నందిగామలోని ఒక ప్రైవేటు కాలేజీలో నాకు సీనియర్, కెమిస్ట్రీ లెక్చరర్.

ఇనుప లవణాలు కలిపిన నీళ్ళలో అమోనియా చుక్కచుక్కగా వేసి, కంటికి ఆననంత సన్నటి అయస్కాంత రేణువులు చేసేవారు. ఒక్కో రేణువు చుట్టూ గాజులాంటి సిలికా పొర కట్టించాలి. ఆ పొరకి మందు అతికిస్తే, ఒంట్లో రోగమున్న చోటికి అయస్కాంతంతో నడిపించవచ్చని ఆవిడ ఆశ. పొర ఎందుకని అడిగితే నవ్వారు. "పూర్ణం బూరె తినలేదా రమేశ్? తోపు పిండి సరిగ్గా పట్టకపోతే పూర్ణమంతా నూనెపాలే." ఈ రోజుకీ నేను ల్యాబులో తొందరపడనంటే అది ఆవిడ పెట్టిన భిక్ష.

మా డిపార్ట్‌మెంట్ హెడ్ ఒక మాగ్నెటిక్ స్టిరర్ కొనిపించి, దానికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. అడుగున అయస్కాంతం తిరిగితే పాత్రలో వేసిన బీడ్, అంటే వేలెడంత కడ్డీ, కూడా తిరిగి ద్రవాన్ని కలుపుతుంది. "బీడూ అయస్కాంతమే కదండీ. మన రేణువులన్నీ దాన్నే పట్టుకుంటాయి, ఇక పొర ఎక్కడ కడుతుంది?" అని మేడం మోటారుకి బిగించిన గాజు రెక్కతోనే కలిపేవారు.

"మరి కొన్నది పూజకా అమ్మా?" అన్నాడు హెడ్.

మేడం పరీక్ష డ్యూటీకి జగ్గయ్యపేట వెళ్ళిన రోజు నన్ను పిలిచాడు. "రేపు తనిఖీకి కమిటీ వస్తోంది. కొత్త మిషన్ మీద చెయ్యవయ్యా, వాళ్ళకి కనపడాలి." తెలిసి తెలిసీ బీడ్ వేశాను. నల్లటి పదార్థమంతా దానికి గొంగళిపురుగులా అంటుకుంది. గీకి సీసాలో పెట్టాను.

మర్నాడు కమిటీ పెద్దాయన అందులో ఆమ్లం పోశాడు. పొర ఉంటే నల్లగానే నిలవాలి. కరిగి పసుపుపచ్చ నీళ్ళయింది.

"ఈవిడ చేసిందేనండి. వంటింటికీ ల్యాబుకీ తేడా తెలియదు" అన్నాడు హెడ్. కమిటీలో ఇద్దరు నవ్వారు కూడా.

"ఇది నా పద్ధతిలో చేసింది కాదండీ" అన్నారు మేడం, నా వైపు చూస్తూ. నేను నా చెప్పుల వైపు చూశాను.

ఆవిడ ఉద్యోగం పోయింది. తర్వాత ఆవిడ గాజు రెక్కతోనే నేను చేస్తే పొర చక్కగా కట్టింది. దాని మీద వ్యాసం హెడ్ పేరుతో, నా పేరుతో అచ్చయింది. ఆ మనిషి మీద నాకింకా కసే. నా మీద అంతకంటే ఎక్కువ.

సెలూన్ నుంచి వచ్చిన మర్నాడు జగ్గయ్యపేట వెళ్ళాను. ఆవిడ అక్కడ ట్యూషన్లు చెబుతున్నారు. అంతా చెప్పాను.

"నా ఒక్కదాని చెవిలో చెప్పి ఏం లాభం? అతను నలుగురిలో అన్నాడు. నువ్వూ నలుగురిలోనే చెప్పు" అన్నారు.

చెబుతున్నాను. ఆ సీసాలోది శారద మేడం చేసింది కాదు. ఆవిడ వద్దన్నారని తెలిసీ బీడ్ వేసింది నేను. నోరు మూసుకున్నదీ నేనే. మేడం, నన్ను క్షమించండి.