సిలిండర్ మార్చిన తేదీ

సుధామయి తన సర్వీసులో పదకొండు వజ్రాలు కాల్చింది. ఈ మాట వింటే చుట్టాలు నోరెళ్లబెడతారు. "ఉంగరంలో పొదిగించుకోక, కాల్చుకోవడమేమిటే!" అని ఆవిడ అక్క శ్రీలలిత ఎన్నిసార్లందో. నిజానికి వాటిలో ఏదీ గసగసాల గింజను మించింది కాదు. ఏ కంసాలీ వాటివంక చూడడు.

సుధామయికి యాభై నాలుగేళ్లు. యూనివర్సిటీలో జియోకెమిస్ట్రీ ప్రొఫెసర్. తండ్రి భీమవరం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికొచ్చి బౌద్ధనగర్‌లో స్థిరపడ్డాడు. ఆవిడ పుట్టి పెరిగిందక్కడే. ఇప్పుడు తార్నాకలో రెండు గదుల ఫ్లాటులో ఒక్కతే ఉంటుంది. పొద్దున్నే మెట్రో కింద రోడ్డు దాటి, క్యాంపస్ గేటులోంచి ల్యాబు దాకా నడిచి వెళుతుంది. ఆ నడక ఒకప్పుడు పావుగంట. ఈ మధ్య అరగంట పడుతోంది.

వజ్రం నూట యాభై కిలోమీటర్లకు పైగా లోతున, భూమి పైపెంకు కింద ఉండే మాంటిల్ పొరలో పుడుతుంది. అది ఉట్టి కార్బన్. ఆ కార్బన్‌లో తేలికది, కొంచెం బరువైనది అని రెండు రకాల ఐసోటోపులుంటాయి. మాంటిల్ సొంత కార్బన్‌లో వాటి పాలు ఒక తీరుగా ఉంటుంది. ప్రాణమున్న వాటిలో తేలిక రకం ఎక్కువ. వజ్రంలో తేలిక కార్బన్ బాగా కనిపిస్తే, అది ఎప్పుడో సముద్రంలో బతికిన జీవాలదనీ, సముద్రపు నేలతోపాటు భూమి లోపలికి కుంగిపోయిందనీ అనుకోవచ్చు. సుధామయి ల్యాబులో అది తేల్చాలంటే ఒక్కటే దారి. వజ్రాన్ని ఆక్సిజన్‌లో కాల్చి, వచ్చిన వాయువును యంత్రంలోకి పంపాలి. కొలిచాక వజ్రం ఉండదు.

ఆ పదకొండింటి కోసం తొమ్మిదేళ్లు పట్టింది. అనంతపురం జిల్లా నుంచి లారీల్లో రాయి తెప్పించారు. ల్యాబ్ అటెండర్ గట్టయ్య దాన్ని పగలగొట్టి, జల్లించి, కడిగేవాడు. మిగిలిన ఇసుకలో సుధామయి మైక్రోస్కోపు కింద గింజ గింజా వెతికేది. పన్నెండేళ్ల కిందట ఏడింటిని కాల్చింది. తేలిక రకం ఎంత ఎక్కువైతే యంత్రం చూపే అంకె సున్నాకి అంత కిందికి దిగుతుంది. మొదటి రెండూ మామూలు మాంటిల్ కార్బనే, మైనస్ ఐదు. తర్వాతి ఐదూ మైనస్ పందొమ్మిది. అంత కిందికి దిగాయంటే సముద్రపు కార్బనే. ఆవిడ రాసిన రీసెర్చ్ పేపర్‌కి మంచి పేరొచ్చింది. రెండేళ్లపాటు సదస్సులకు పిలిచారు. తక్కిన నాలుగింటినీ గాజు గొట్టంలో పెట్టి దాచుకుంది.

రెండేళ్ల కిందట జూన్‌లో బయటి దేశపు ల్యాబ్ నుంచి ఒకావిడ మెయిల్ రాసింది. అదే చోటి వజ్రాలు పదహారు కాల్చామనీ, ఒక్కదానిలోనూ తేలిక కార్బన్ కనిపించలేదనీ, వీలైతే పాత లెక్కలు ఒకసారి చూడమనీ చాలా మర్యాదగా అడిగింది.

సుధామయి మూడు వారాలు చూసింది. తన నోటు పుస్తకాల్లో తప్పేమీ దొరకలేదు. ఆఖరికి, స్టోర్ గదిలో గట్టయ్య రాసిపెట్టిన గ్యాస్ సిలిండర్ల రిజిస్టర్ తెరిచింది.

ఆ యంత్రం ఏ వాయువునూ దానికదే తూచలేదు. పక్కనున్న సిలిండర్‌లోని వాయువుతో పోల్చి చెబుతుంది. త్రాసులో ఒక పక్క వేసే తూకపు రాయి లాంటిదన్నమాట. రెండో వజ్రం కాల్చిన మర్నాడు, పాత సిలిండర్ తీసి వేరే కంపెనీది పెట్టినట్టు గట్టయ్య తేదీతో సహా రాశాడు. సుధామయి మాత్రం మిగతా ఐదింటికీ పాత సిలిండర్ విలువతోనే లెక్క కట్టింది. రాయి మారింది, ఆవిడ బరువు మార్చలేదు.

గట్టయ్యను పిలిచింది. అరవైకి రెండు నెలలు తక్కువ. రోజూ అంబర్‌పేట్ నుంచి బస్సులో వస్తాడు.

"ఇది మీరు రాసిందేనా, గట్టయ్యగారూ?"

అతను కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. "నాదే మేడం. గప్పుడు మీకు జెప్పిన గదా? మీరు పరీక్ష పేపర్లు దిద్దుతుండ్రి. తలకాయ ఎత్తకుంటనే 'సరే, పెట్టేయండి' అన్నరు." ఆగి, ఆమె మొహం చూసి, గొంతు తగ్గించాడు. "ఏందైంది మేడం? నా దిక్కునుంచి ఏమన్న తప్పయిందా?"

"మీది కాదు. నాదే."

అలా అన్నట్టు ఆవిడకు గుర్తులేదు. కానీ అనే ఉంటుందని తెలుసు. ఆ సంవత్సరం వందల కొద్దీ పరీక్ష పేపర్లు దిద్దింది. ఏ పనికీ తల ఎత్తలేదు.

మర్నాడు స్వరూపకు చెప్పింది. స్వరూప ఆవిడ దగ్గర నాలుగేళ్లుగా పీహెచ్‌డీ చేస్తోంది. జనగామ దగ్గరి రైతుల కుటుంబం. ఆమె థీసిస్ ఆ ఐదు వజ్రాల మీదే నిలబడి ఉంది.

"ఫోర్ ఇయర్స్ మేడం," అంది స్వరూప. "మీరొక్కసారి ఆ రిజిస్టర్ చూసి ఉంటే అయిపోతుండె గద!"

"అవును."

"అవును అంటే ఎట్ల మేడం? నేనింట్ల ఏమని చెప్పాలె?"

స్వరూప బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. తొమ్మిది రోజులు ల్యాబుకి రాలేదు.

కొత్త సిలిండర్ ఇచ్చిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆ వాయువు విలువ ఎంతో ఇక ఎవరూ చెప్పలేరు. తేల్చుకోవాలంటే దాచిన నాలుగు వజ్రాలనూ కాల్చాలి. అవి కూడా మామూలువే అయితే పాత మాట వదులుకోవాల్సిందే. సుధామయి గాజు గొట్టం తీసి బల్ల మీద పెడితే గట్టయ్య అడ్డుపడ్డాడు.

"గివన్న ఉంచుండ్రి మేడం. తొమ్మిదేండ్ల కష్టం. గివి గూడ కాలవెడితే మనకాడ ఏం మిగుల్తది?"

"ఉంచి ఏం చేస్తాం, గట్టయ్యగారూ? రోజూ చూసుకుంటూ, ఏమో ఏమో అనుకుంటూ కూర్చోవడమేగా. నాకంత ఓపిక లేదు."

అతను వెళ్లి కొలిమి వేడెక్కించాడు.

రోజుకొకటి చొప్పున కాల్చారు. ఈసారి ప్రతి వజ్రానికి ముందూ వెనకా సిలిండర్‌ను సరిచూసుకుంది. మైనస్ ఐదు. మైనస్ ఐదున్నర. మూడో రోజుకి స్వరూప వచ్చి, ఎవరినీ పలకరించకుండా కంప్యూటర్ ముందు కూర్చుంది. మైనస్ ఐదు. నాలుగోది మైనస్ నాలుగున్నర. సముద్రం జాడ ఎక్కడా లేదు.

"అన్నీ మామూలువే మేడం," అంది స్వరూప. ఆ గొంతులో కోపం ఇంకా ఉంది, కానీ అంకెలు రాసుకుంటూనే ఉంది.

పాత పేపర్ అచ్చేసిన సైన్స్ పత్రికకు, తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం రాసేముందు సుధామయి డిపార్ట్‌మెంట్ హెడ్ శశిభూషణ్‌ని కలిసింది. ఆయన అంతా విని, కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇంత పెద్దది చేసుకోవడం దేనికండీ? టెక్నికల్ స్టాఫ్ పొరపాటు వల్ల అని ఒక వాక్యం రాసేయండి. ఆయన ఎలాగూ రిటైరవుతున్నాడు. ఆయనకి పోయేదేం ఉంది?"

"తేదీ వేసి రాసిపెట్టిన మనిషి ఆయనొక్కడే సార్."

"డిపార్ట్‌మెంట్ పేరు కూడా ఆలోచించండి మరి."

"ఆలోచించాను. అందుకే నా పేరు రాస్తున్నాను."

వాదించే బలం ఉండి అన్న మాట కాదది. అబద్ధమాడితే దాన్ని మళ్లీ మోయాలి. ఇక దేన్నీ మోసే శక్తి ఆవిడకు లేదు.

ఉత్తరం పద్నాలుగు వాక్యాలైంది. సిలిండర్ మార్పు రిజిస్టర్‌లో సరిగానే నమోదై ఉందనీ, దాన్ని చూడకపోవడం తన తప్పేననీ రాసింది. సెప్టెంబరులో అచ్చయింది. మెయిల్ రాసినావిడ ధన్యవాదాలు చెప్పింది. డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఎత్తకపోవడమే ఆవిడను ఎక్కువ అలిసిపోయేలా చేసింది. కొత్త ప్రాజెక్టుకు పెట్టుకున్న దరఖాస్తు తిరిగొచ్చింది.

గట్టయ్య రిటైరైన రోజు సమోసాలు, చాయ్ తెప్పించారు. సుధామయి ఉత్తరం ప్రతిని అతనికిచ్చి, అందులో అతని రిజిస్టర్ గురించి ఉన్న వాక్యాన్ని తెలుగులో చెప్పింది. గట్టయ్య ఆ కాగితాన్ని మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ముప్పై ఏండ్లు రాసిన మేడం. ఎవ్వరన్న సదువుతరని అనుకోలే," అన్నాడు.

స్వరూప ఆ అధ్యాయం తీసేసి, నాలుగు వజ్రాల అంకెలతో కొత్తది రాసింది. ఏడాదిన్నర ఆలస్యమైంది. వైవా నాడు బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పాత పేపర్ సంగతి అడిగితే, తడబడకుండా అంతా చెప్పింది. తర్వాత వరండాలో సుధామయి పక్కన నిలబడి, "నాకు మీ మీద కోపం ఇంక పూర్తిగ పోలే మేడం," అంది.

"ఉండనీ."

"తిన్నరా మరి?"

లేదని తల ఊపింది సుధామయి. ఇద్దరూ క్యాంటీన్ వైపు మెల్లగా నడిచారు. వేడి తగ్గని మధ్యాహ్నం అది. సగం దారిలో సుధామయి కాసేపు అరుగు మీద కూర్చుంటానంది. స్వరూప కూడా పక్కనే కూర్చుంది.