టైర్లు తినేసిన కారవాన్

2023. కోవిడ్ ఆంక్షలు తీసేశాక జనం ఇన్నాళ్ల కరువు తీరేలా రోడ్ల మీద పడ్డ రోజులవి. మలేషియాలోని సుంగై పెటానిలో ఫ్యాక్టరీలకు వెళ్లే దారి పక్కన నేనూ మా తమ్ముడు సూరిబాబూ నడిపే టైర్ల దుకాణానికి అంతకుముందు ఎరగని రకం బళ్లు రావడం అప్పుడే మొదలైంది. వాటిలో కారవాన్ ఒకటి. కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చిన్న ఇల్లన్నమాట. మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు అన్నీ చక్రాల మీదే.

దుకాణంలో అలైన్‌మెంట్ పని నాది. బండి చక్రాలన్నీ ఒకే దారిని చూస్తున్నాయా లేదా అని కొలిచి సరిచేయడం. వెల్డింగ్, బరువులెత్తే పనులు సూరిబాబువి. అరిగిన టైరు చూస్తే బండి సంగతి సగం తెలిసిపోతుంది. నడుమ అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, ఒక్క అంచే అరిగితే చక్రం వంకర. చాలా బళ్లు ఈ మూడింటితోనే తేలిపోతాయి. ఎప్పుడో ఒకటి మాత్రం తేలదు. అలాంటిది వచ్చిందంటే నాకు ఆ రోజు తిండి మీద ధ్యాస ఉండదు, అంత హుషారు!

ఆ శనివారం మధ్యాహ్నం తెల్లటి పికప్ ఒకటి మెల్లగా వచ్చి దుకాణం ముందు ఆగింది. దాని వెనక మీగడ రంగు కారవాన్, పక్కకి రెండేసి చక్రాలు. హైవే మీద టైరు పేలిపోతే స్పేర్ వేసుకుని వచ్చారట. డ్రైవర్ సీట్లోంచి ఒక పెద్దావిడ దిగింది. అరవై దాటి ఉంటాయి. ముక్కుపుడక, ట్రాక్ ప్యాంటు, తలకి టోపీ. నాతో గబగబా తమిళంలో మొదలుపెట్టింది, నేనూ తమిళంలోనే బదులిస్తున్నాను. ఇంతలో పక్క సీట్లో కూర్చున్న పెద్దాయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టాడు. ఆవిడ గిరుక్కున తిరిగింది.

"సెయ్యి లోన ఎట్టవయ్యా! లారీ వత్తంది, సూడవేటి!"

నా ప్రాణం లేచొచ్చింది. మా తాతలు విజయనగరం వైపు నుంచి రబ్బరు తోటల్లోకి వచ్చినవాళ్లు. ఇంట్లో తప్ప తెలుగు మాట నా చెవిన పడడమే అరుదు.

"ఆంటీ, మీరు తెలుగోలా?"

"ఓలమ్మ! నువ్వూనా? మరి ఇంతసేపూ నాసేత అరవం ఎందుకు మాటాడించినావు లా!"

ఇద్దరం రోడ్డు పక్కనే నిలబడి పగలబడి నవ్వాం. ఏ భాష మాట్లాడినా చివర 'లా' తగిలించడం మలేషియాలో మా అందరికీ అలవాటే.

ఆవిడ పేరు లక్ష్మమ్మ, ఊరు తెలుక్ ఇంటాన్. పెద్దాయన ఆవిడ భర్త అప్పారావు, ముప్పై ఏళ్లు రాత్రి ఎక్స్‌ప్రెస్ బస్సు నడిపినవాడు. ఈ దేశంలో ఆయన వెళ్లని ఊరు లేదు, కానీ అన్నీ చీకట్లోనే. పగలంతా నిద్ర. రిటైరయ్యాక ఆ ఊళ్లన్నీ వెలుగులో చూడాలనుకున్నాడు. అంతలోనే పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి, మాట ముద్దయిపోయింది. హోటల్ మెట్లు ఎక్కలేడు, బస్సులో అంతసేపు కూర్చోలేడు. అప్పుడు లక్ష్మమ్మ పాత కారవాన్ కొని, వీల్‌చెయిర్ ఎక్కడానికి వాలు పలక పెట్టించి, ఆ వయసులో ట్రెయిలర్ లాగడం నేర్చుకుంది.

"ఈయనే నేర్పినాడు," అంది భర్త వంక చూస్తూ. "మాట రాదు గదా, తప్పు సేస్తే ఎడం సేత్తో తొడ మీద కొట్టీవోడు. నా తొడ కందిపోనాది!"

అప్పారావుగారు సగం మొహంతోనే నవ్వాడు.

ఇక అసలు గోల చెప్పింది. కొన్నాక ఏడాది తిరక్కుండానే ఎడం పక్క టైర్లు నాలుగు పోయాయి. ఒక దుకాణంలో గాలి తక్కువన్నారు. రోజూ గాలి చూసుకుంది, అయినా పోయాయి. ఇంకోచోట బరువెక్కువన్నారు. గ్రైండరు తీసేసింది, బీరువా తీసేసింది, చివరికి ఆయన మంచం కూడా తీసేసి చాప మీదే పడుకోబెట్టింది. అయినా పోయాయి.

"ఇయ్యాల హైవే మీద పేలినాది. వెనక లారీవోడు బ్రేకు కొట్టబట్టి బతికినాం. మా అబ్బాయి ఫోన్లో ఒకటే కేకలు. ఎవులో కొనీవోడిని కుదిర్సినాడు, సోంవారం వచ్చి సూత్తాడట." గొంతు తగ్గించింది. "ఈడ కూడా తేలకపోతే అమ్మీడమేనమ్మా. ఈయన్ని సంపుకుంటానా?"

కిటికీలోంచి అప్పారావుగారి ఎడమ చెయ్యి అడ్డంగా ఊగింది. "వ... ద్దు."

నేను వంగి ఎడమ పక్క ముందు టైరు మీద అరచెయ్యి పెట్టాను. లోపలి అంచు నున్నగా అరిగిపోయింది. చెయ్యి బయటినుంచి లోపలికి నడిపితే రంపం పళ్లలా గీరింది, లోపలినుంచి బయటికి నడిపితే జారిపోయింది. దీన్ని మేం ఫెదరింగ్ అంటాం. టైరు దొర్లుతూనే పక్కకి ఈడ్చుకుపోతుంటే రబ్బరు ఇలా ఒక వైపు పదునెక్కుతుంది. తరవాత ఆ వెనక చక్రం నుంచి పేలి ఊడదీసిన టైరు మీద, చిరగని మేర చెయ్యి పెట్టాను. ఇక్కడ సరిగ్గా తిరగబడింది! అరిగింది బయటి అంచు, గీరేది లోపలినుంచి బయటికి.

గాలి వల్ల కాదు, బరువు వల్ల కాదు. ఒకే పక్కనున్న రెండు టైర్లు రెండు వైపులకి పోవాలని పెనుగులాడుతున్నాయి. అంటే వాటిని మోసే ఇరుసులు రెండూ సమాంతరంగా లేవు.

"దొరికింది ఆంటీ! కొలిస్తే ఏ ఇరుసో తెలిసిపోతుంది," అన్నాను గొప్పగా.

లక్ష్మమ్మ చక్కగా రివర్స్ చేసి కారవాన్‌ని షెడ్డులోకి పెట్టింది. ముందు కొక్కెం దగ్గర్నుంచి ఇరుసుల చివరలకు టేపు లాగి కొలిచాను. కుడీ ఎడమా సమానం. వెనక ఇరుసూ సమానమే. మళ్లీ కొలిచాను, టేపు మార్చి కొలిచాను. వెంట్రుకంత తేడా లేదు!

సూరిబాబు తల గోక్కున్నాడు. "అక్కా, బరువే లా. టైర్లు మార్చి పంపీ. అవతల లారీ నిలబడి ఉన్నాది."

ఉడికిపోయాను. నా చెయ్యి అబద్ధం చెప్పదు, టేపూ అబద్ధం చెప్పదు. మరి రెండూ ఒకటి ఎందుకు కావడం లేదు? లక్ష్మమ్మ నా మొహం చూసి, టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, "పోనీలే అమ్మా, లారీకి దారిస్తాను," అని పికప్ ఎక్కింది. పక్క సీట్లో అప్పారావుగారు తల దించుకున్నాడు.

నేను ఎడమ పక్కనే, చక్రాల ఎదురుగా నిలబడి ఉన్నాను. పికప్ ముందుకు కదిలింది. కదిలిన ఆ క్షణంలోనే అప్పారావుగారు ఎడమ చేత్తో తలుపు మీద బయటినుంచి కొట్టాడు.

"ట... క్కు!"

నాకేమీ వినబడలేదు. కానీ ఆయన చెయ్యి పడిన క్షణంలోనే నా కళ్లెదుట ముందు చక్రం వెనక్కి జరిగింది! రెండు టైర్ల మధ్య సందు చిన్నదైపోయింది.

"ఆపండి! ఆంటీ, ఆపండి! బ్రేకు!"

నా కేకకి రోడ్డవతల పరోటాల్లాంటి రొట్టె చానాయ్ అమ్మే కొట్టులో జనం లేచి నిలబడ్డారట, తరవాత చెప్పారు. పరిగెత్తి వెళ్లి టైర్ల మధ్య చెయ్యి పెట్టాను. ఎడమ పక్క సందు కుడి పక్కకన్నా వేలి మందం తక్కువ.

"ఇప్పుడు రివర్స్ చెయ్యండి!"

చేసింది. చక్రం ముందుకు జరిగింది, సందు మళ్లీ సమానం. ముందుకు పోనిచ్చాం, సందు తగ్గింది. మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకి! ప్రతిసారీ అప్పారావుగారు "టక్కు" అంటున్నాడు, ప్రతిసారీ నేను చిన్నపిల్లలా చప్పట్లు కొడుతున్నాను. లక్ష్మమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏటైనాది? ఏటైనాదో సెప్పవే!" అని అరుస్తోంది.

సూరిబాబు అప్పటికే టార్చి పట్టుకుని కింద దూరాడు. ఇరుసు మీది స్ప్రింగుని బండి అడుగు చట్రానికి పట్టి ఉంచే ఇనప ముక్కని హ్యాంగర్ అంటారు. దాని మీద మట్టి, పాత నల్ల పెయింటు దట్టంగా ఉన్నాయి. వైరు బ్రష్షుతో గీకాడు.

"అక్కా! పగిలిపోనాది! వెల్డింగు దగ్గర ఈ సివర నుంచి ఆ సివరకీ సీలిపోనాది! ఒక్క మూల పట్టుకుని ఏలాడతన్నాది!"

అప్పుడు చిక్కు మొత్తం విడిపోయింది. బండి ముందుకు పోతున్నప్పుడు రోడ్డు చక్రాన్ని వెనక్కి లాగుతుంది. పగులు తెరుచుకుని ఇరుసు ఎడమ చివర వెనక్కి జారి, ముందు ఇరుసు వంకరపోతుంది. రివర్స్ చేస్తే అదే ఇరుసు ముందుకు జరిగి పగులు మూసుకుపోతుంది, అంతా సవ్యంగా కనబడుతుంది. ఇంత పొడుగు బండిని ఏ దుకాణంలోనైనా రివర్స్‌లోనే లోపల పెడతారు. నేనూ అదే చేశాను. పగులు తెరుచుకున్నప్పుడల్లా టక్కుమనే ఆ అదురు సీటు కింద నుంచి అప్పారావుగారికి తెలుస్తూనే ఉంది. ఆయన చాలాసార్లు చెప్పాడట, గతుకు అనుకుని లక్ష్మమ్మ పట్టించుకోలేదు.

ఆవిడ దిగి వచ్చి ఆయన కిటికీ దగ్గర నిలబడింది. "నువ్వు సెప్తానే ఉన్నావు గదయ్యా," అంది. ఆయన ఎడమ చేత్తో ఆవిడ టోపీ కిందికి లాగాడు.

ఆ రాత్రి వాళ్లు మా దుకాణం వెనక కారవాన్‌లోనే పడుకున్నారు. ఆదివారం సెలవైనా సూరిబాబు పొద్దున్నే వచ్చేశాడు, పిలవకుండానే. పాత హ్యాంగర్ కోసేసి కొత్తది అతికి, మళ్లీ చీలకుండా పక్కన మూడుకోణాల రేకు దన్ను పెట్టాడు. కుడి పక్కదీ గీకి చూశాడు, అది గట్టిగానే ఉంది. లక్ష్మమ్మ లోపల చింతపండు పులుసు కాస్తుంటే ఆ వాసనకి వాడు రెండుసార్లు వెల్డింగ్ ఆపాడు.

ఈసారి బండిని ముందుకు లాగించి, ఆపి, కొలిచాను. సమానం! రివర్స్ చేయించి కొలిచాను. సమానమే! కొత్త టైర్లు వేసి, జెరాయ్ కొండ అడుగుదాకా తిప్పుకొద్దామని బయలుదేరాం. వెనక సీట్లో నేను. లక్ష్మమ్మ బండి కదిలించింది. మేమిద్దరం అప్పారావుగారి చెయ్యినే చూస్తున్నాం. ఆ చెయ్యి లేవలేదు. కొంత దూరం పోయాక ఆయన మావైపు తిరిగి, ఒక్కో అక్షరం కూడదీసుకుని అన్నాడు. "లే... దు."

లక్ష్మమ్మ రోడ్డు పక్కన బండి ఆపేసి కొడుక్కి ఫోన్ చేసింది.

"ఒరే, ఆ కొనీవోడికి రావద్దని సెప్పీ! అమ్మను గాక అమ్మను. ఏటి? బాగైనాదిరా, బాగైనాది! నమ్మకపోతే సెలవెట్టి రా, నిన్నూ ఎక్కించుకుని తిప్పుతాను!"

కొన్ని నెలలకు వాళ్లు తూర్పు తీరమంతా తిరిగి మళ్లీ మా దుకాణానికి వచ్చారు. లక్ష్మమ్మ దిగీ దిగగానే నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి టైరు మీద పెట్టింది. ముందుదీ వెనకదీ, ఇటు నుంచి అటూ అటు నుంచి ఇటూ నడిపాను. రెండు వైపులా ఒకేలా జారింది చెయ్యి.

ఆ కేసు తరవాత నా పని తీరు మారింది. ఆ రోజు నా కొలతల్లో తప్పు లేదు. కానీ నేను కొలిచింది షెడ్డులో నిలబడ్డ బండిని, టైర్లు తిన్నది రోడ్డు మీద పరిగెత్తే బండి. అందుకే ఇప్పుడు ఏ ట్రెయిలర్ వచ్చినా ముందు దాన్ని రోడ్డు మీద నడిపిస్తాను. పక్కన నిలబడి చక్రాలు చూస్తాను, లోపల కూర్చున్నవాళ్లకి ఏం తెలుస్తోందో అడుగుతాను, వాళ్లు ఎంత మెల్లగా చెప్పినా చివరిదాకా వింటాను. టేపు ఆ తరవాతే తీస్తాను.