గని మిట్ట ఎక్కిన తోపుడు ట్రాలీ

ఆ ఆదివారం ఉదయం గని దగ్గర ఉన్నవి ఇవి. మనుషులు నలుగురు. రైలు పట్టాల మీద మనుషులు తోసుకుపోయే పాత ట్రాలీ ఒకటి. దాని మీద బెంచీ, చేతి బ్రేకు, గొడుగు, ఎర్ర జెండా. నీళ్ల క్యాను. తుమ్మచెట్టు కింద వరుసగా విడిచిన చెప్పులు, నాలుగు జతలు. బయలుదేరే ముందు అన్నిటికీ ఫోన్లో ఫోటో తీయడం నా అలవాటు. అందుకే ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను.

నేను మెకానికల్ చదివాను. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే, ఆ రోజు గాలి ఎటునుంచి వీచిందని అడిగే రకం. ఈసారి ఆ ప్రశ్న నన్ను నేనే వేసుకోవాల్సి వచ్చింది.

బేతంచెర్ల అవతల మూతపడ్డ సున్నపురాయి గని ఒకటి ఉంది. అందులో కొంత దూరం పట్టాలు, షెడ్డులో తుప్పుపట్టిన ఈ ట్రాలీ మిగిలాయి. ముగ్గురం కలిసి దాన్ని బాగుచేశాం. నేను, వెల్డింగ్ షాపు ఖాజా, బడిలో ఫిజిక్స్ చెప్పే సుజాతక్క. ముగ్గురికీ ఇదే పిచ్చి.

నాలుగో మనిషి ఓబుళరెడ్డి సారు. నేల ఆయనది, పట్టాలూ ఆయనవే. పట్టాలు పాత ఇనుము కింద అమ్మడానికి బేరం కుదిరిపోయింది. మేము బతిమాలితే ఒక పందెం పెట్టాడు.

"నన్ను కూసోబెట్టుకోని మిట్ట ఎక్కించి ఆ కొనకు తీసకపోండి, పట్టాలు మీకే. నడుమ దిగి నడవమన్నారంటే మాత్రం రేపు లారీ వస్తాది."

చిక్కంతా ఆ మిట్టతోనే. ఎన్నిసార్లు తోసినా సగంలో ట్రాలీ నిలబడిపోయేది. చేయి తీస్తే వెనక్కి జారేది.

ఈ ట్రాలీని తోసేవాళ్లు నేల మీద కాదు, పట్టా మీద పరిగెత్తాలి, అదీ వట్టి కాళ్లతో. ఖాజా వాళ్ల తాత రైల్వేలో బతుకంతా అదే పని చేసి పోయాడు. చెప్పులతో ట్రాలీని ముట్టుకోకూడదన్నది ఆయన పెట్టిన కట్టుబాటు. ఖాజా దాన్ని ఎవరికీ సడలించడు.

"నా బండి ఎక్కేదానికి నేనే చెప్పులు ఇడవాల్నా?" అన్నాడు రెడ్డి.

"మంత్రాలయం పోతే ఇడవరా సారూ? ఆడ మీరు గొణగను కూడా గొణగరు," అన్నాడు ఖాజా.

సుజాతక్క నవ్వు ఆపుకుంటూ బ్రేకు దగ్గర కూర్చుంది. గొడుగు కింద రెడ్డి పెళ్లికొడుకులా కూర్చున్నాడు. ఖాజా ఒక పట్టా మీద, నేను ఇంకో పట్టా మీద.

మిట్ట సగం దాకా బాగానే పోయాం. అక్కడ నా పాదం జారింది. కంకర మీద పడ్డాను. ఒక్కడే తోయలేక ఖాజా కూడా చేతులు వదిలేసి, మోకాళ్లు పట్టుకుని వగరుస్తూ నిలబడిపోయాడు.

అయిపోయింది, రేపు లారీ అనుకున్నాను. తల ఎత్తి చూశాను.

ట్రాలీ పోతూనే ఉంది. అదే వేగంతో, పైకి.

"మెల్లగ తోయండప్పా! నా పంచె యెగిరిపోతాండాది!" అని రెడ్డి ముందుకే చూస్తూ అరుస్తున్నాడు.

ఖాజా నా వైపు చూశాడు. "ఇంజనీరూ, నువ్వీడుండావు. నేనూ ఈడే ఉండా. మరి ఆయప్ప తిట్టేది ఎవుర్ని?"

గాలి ఎదురుగా వీస్తోంది. ఎర్ర జెండా మా వైపే రెపరెపలాడుతోంది. ఆ దారి ఎత్తే తప్ప పల్లం కాదు, నీళ్ల గొట్టంతో నేనే కొలిచాను. మా తోపు బలం ఇంకా మిగిలి ఉందనుకున్నా నాలుగు బారలకు మించి పోకూడదు. అది కొనదాకా పోయింది. మేము పరిగెత్తుకుంటూ చేరేసరికి సుజాతక్క బ్రేకు వేసి ఉంది.

"వెనకాల అడుగుల చప్పుడు ఇనపడతానే ఉన్నింది. మీరే అనుకున్యా," అంది. ఆమె ముఖంలో రంగు లేదు.

రెడ్డి మాత్రం మహా హుషారుగా ఉన్నాడు. "తోసినారప్పా! అయితే ఆ ఈల ఏసినోడు ఎవుడు? శానా బాగా ఏసినాడు."

మా ఇద్దరికీ ఈల వేయడం రాదు. నాకైతే అప్పటికి ఊపిరి కూడా సరిగా ఆడడం లేదు. మేము ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే, "అడిగితే సిగ్గుపడతారే!" అని ఆయనే నవ్వేశాడు. పట్టాలు మీవే అన్నాడు. ఖాజా నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు.

తిరుగు దారి దిగుడే కాబట్టి నలుగురం ఎక్కి కూర్చున్నాం. దారి పొడుగునా రెడ్డి గొడుగు తిప్పుతూనే ఉన్నాడు.

ఆ లారీ రాలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం ట్రాలీ తిప్పుతున్నాం. మిట్ట దగ్గర ఇప్పటికీ సగంలో ఆగిపోతూనే ఉంది. లెక్క ఎన్నిసార్లు వేసినా ఆ ఒక్క రోజు నాకు అంతుపట్టదు.

ఆ రోజు వెనక్కి వచ్చాక చెప్పులు వేసుకోవడానికి తుమ్మచెట్టు కిందికి పోయాం. వరుస చివర మడమ అరిగిన టైరు చెప్పులు ఉన్నాయి. అవి మాలో ఎవరివీ కావు. అలవాటు ప్రకారం మళ్లీ ఫోటో తీశాను.

పోయే ముందు ఫోటోలో నాలుగు జతలు. వచ్చాక తీసిన దాంట్లో ఐదు.